విజయవాడ నుంచి గుంటూరుకి ఒక ఆల్బమ్

పొద్దున ఏడున్నరకి అటూ ఇటూగా విజయవాడలో గుంటూరు ప్యాసింజర్ ఎక్కుతాను. పదకొండేళ్ళ నుంచి ఇదే వరస. సీటు దొరికితే కిటికీ పక్కన కూర్చుంటాను, దొరక్కపోతే తలుపు దగ్గర నిలబడతాను, బండి కదలగానే ఆల్బమ్‌లో మొదటి పాట పెడతాను. కృష్ణా కెనాల్, మంగళగిరి, నంబూరు దాటి గుంటూరులో దిగేసరికి గంట అవుతుంది, కాస్త ముందో వెనకో. ఈ మధ్య వస్తున్న మెటల్ (రాక్‌లోనే మరింత బరువైన రకం), ఆల్టర్నేటివ్ రాక్ ఆల్బమ్‌లలో నేను విన్నవి చాలావరకు నలభై నుంచి యాభై నిమిషాల మధ్య ఉన్నాయి కాబట్టి ఒక ప్రయాణానికి ఒక ఆల్బమ్ చక్కగా సరిపోతుంది. మధ్యలో ఏ పాటా దాటెయ్యను, వరస మార్చను, ఫోన్ మోగితే దిగాక చేస్తానని మెసేజ్ పెడతాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొన్న మా ఇంజనీరింగ్ బ్యాచ్ వాళ్ళం బెంజ్ సర్కిల్ దగ్గర కలిశాం. మాటల మధ్యలో ఒకడు "ఇప్పుడు రాక్ ఎక్కడుందిరా, మన రోజులతోనే పోయింది" అన్నాడు. చుట్టూ ఉన్న ఆరుగురూ తలలూపారు. నాకు ఒళ్ళు మండింది. ఆ గోలలో వాడికి సమాధానం చెప్పడం కుదరలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది 2000లో చేరిన బ్యాచ్. లింకిన్ పార్క్ బ్యాండ్ ఆల్బమ్ 'హైబ్రిడ్ థియరీ' వచ్చింది కూడా ఆ ఏడాదే. పాటలన్నీ హాస్టల్లో ఒకడి కంప్యూటర్ నుంచి ఇంకొకడి కంప్యూటర్‌కి కాపీ అయ్యి వచ్చేవి, సగం ఫైళ్ళకి పేరు ఒకటుంటే లోపల పాట ఇంకొకటి ఉండేది. మెటాలికా పాట ఐరన్ మెయిడెన్ అనే వేరే బ్యాండ్ పేరుతో రెండేళ్ళు విన్నవాళ్ళున్నారు మాలో. అంటే మాకు చేరింది విడి పాటలు. ఏ పాట తర్వాత ఏది వస్తుంది, ఒక పాట చివర్లో ఆగిపోయిన రాగం రెండు పాటల తర్వాత మళ్ళీ ఎందుకు వినిపిస్తుంది, ఇవేవీ మా దాకా రాలేదు. ఉద్యోగాలొచ్చాయి, పెళ్ళిళ్ళయ్యాయి, ఆ పాతిక ముప్ఫై పాటలే ఫోన్ మారినప్పుడల్లా కొత్త ఫోన్‌లోకి మారుతూ వచ్చాయి. ఇప్పుడు పాటల యాప్ కూడా అదే పని చేస్తోంది, ఒకటి అక్కడ్నుంచి ఒకటి ఇక్కడ్నుంచి తీసి వరసగా వాయించేస్తోంది. రాక్ పోయిందని అనేవాళ్ళని నేనడిగేది ఒకటే. గత మూడేళ్ళలో వచ్చిన ఒక్క ఆల్బమ్, మొదటి పాట నుంచి చివరి పాట దాకా, ఒక్కసారి కూర్చుని విన్నారా? వినకుండా పోయిందని ఎలా తేల్చారు?

ఇంగ్లండ్ బ్యాండ్ ద క్యూర్ వాళ్ళ 'సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్' తీసుకోండి. 2024 నవంబరు 1న వచ్చింది. 2008 తర్వాత పదహారేళ్ళకి వాళ్ళు వేసిన ఆల్బమ్, ఎనిమిదే పాటలు. మొదటి పాట పేరు 'ఎలోన్'. నేను మొదటిసారి విన్న రోజు బండి ప్లాట్‌ఫామ్ వదిలింది, పాట మొదలైంది, డ్రమ్స్ నింపాదిగా కొడుతున్నాయి, దాని మీద కీబోర్డులు మబ్బు పట్టినట్టు పరుచుకుంటున్నాయి, గొంతు మాత్రం రావట్లేదు. బండి కృష్ణ వంతెన ఎక్కింది. ఇనుప గడ్డర్ల మోత కింద నుంచి వస్తోంది, పాట లోపల నుంచి వస్తోంది, రెండూ కలిసిపోయాయి. నది సగం దాటాం, ఇంకా గొంతు లేదు. మూడు నిమిషాలు దాటాక, బండి అవతలి ఒడ్డు చేరబోతుండగా వాళ్ళ గాయకుడు రాబర్ట్ స్మిత్ పాడటం మొదలుపెట్టాడు. అరవై అయిదేళ్ళ మనిషి గొంతు, ఎక్కడా ముసలితనం లేదు, దిగులు మాత్రం నిండుగా ఉంది. ఆ మూడు నిమిషాలు ఆగినందుకు ఆ గొంతు నా మీద ఎంత పనిచేసిందో మాటల్లో పెట్టలేను. ఇదే పాటని యాప్ పది పాటల మధ్య ఇరికించి పెడితే "ఇంకా మొదలవట్లేదేంటి" అని ముప్ఫై సెకన్లలో దాటేస్తాం. తప్పు పాటది కాదు కదా.

అదే ఆల్బమ్‌లో 'ఐ కెన్ నెవర్ సే గుడ్‌బై' అని ఒక పాట ఉంది, చనిపోయిన తన అన్న గురించి రాసుకున్నది. ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్ళు అది బయట వినకండి, ఇంట్లో తలుపు వేసుకుని వినండి. చివరి పాట పది నిమిషాల పైనే ఉంటుంది, అందులో సగం దాటేదాకా మాటే లేదు. మొదటి పాటలో మూడు నిమిషాలు ఆగడం నేర్చుకున్నవాడికే ఈ చివరి పాట దక్కుతుంది. ఆల్బమ్ వరస అంటే నా ఉద్దేశం ఇదే.

ఇక అసలు విషయం, ఓపెత్. స్వీడన్ బ్యాండ్. 2024 నవంబరు 22న 'ద లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్' వచ్చింది. పేరులోనే ఉంది, వీలునామా కథ. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయిన రోజులు, ఒక పెద్ద ఆస్తిపరుడు చనిపోతాడు, పెద్ద బంగళాలో పిల్లల్ని కూర్చోబెట్టి ఆయన వీలునామా చదువుతుంటారు. కవలలు ఇద్దరు, వాళ్ళతో పాటు పోలియో వచ్చిన ఒక అమ్మాయి. ఈ అమ్మాయి ఇక్కడ ఎందుకుంది అని ఆ ఇద్దరికీ అనుమానం. మొదటి ఏడు పాటలకి పేర్లు లేవు, చట్టం పుస్తకాల్లో సెక్షన్లకి వేసే గుర్తు, పక్కన అంకె, అంతే. ఎనిమిదో పాటకి మాత్రం పేరుంది. వీలునామా అయిపోయాక మిగిలిన కథ అది, అందులో ఏముందో నేను చెప్పను.

మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పుట్టి పెరిగినవాడికి ఈ కథ వేరే దేశం కథలా అనిపిస్తుందా? పొలం పంపకాల దగ్గర, పెద్దాయన పోయాక పదకొండో రోజు కూడా కాకుండానే కాగితాలు బయటికి తీసిన ఇళ్ళు మనకి ఎన్ని తెలుసు. మా ఆఫీసులో నాకంటే పదేళ్ళు చిన్నవాడు ఒకడున్నాడు, పొన్నూరు వైపు ఊరు. వాళ్ళ నాన్న పోయి రెండేళ్ళయింది, అన్నదమ్ముల మధ్య రెండెకరాల గొడవ ఇంకా తేలలేదు. అతను ఎప్పుడూ "అన్నా, ఆ అరుపులు నా వల్ల కాదు, కొత్తవి ఏమైనా మెత్తగా ఉండేవి చెప్పు" అంటాడు. నేను అతనికి మెత్తనివి చెప్పలేదు, ఇదే చెప్పాను. మధ్యాహ్నం అన్నాల దగ్గర కథ అంతా చెప్పి, ఇంటర్నెట్‌లో పాటల మాటలు ఎక్కడుంటాయో చూపించి, మాటలు ముందు పెట్టుకుని విను అన్నాను. ఏ ఆల్బమ్ గొప్పదని ఆలోచించి చెబితే అది మనకి నచ్చింది చెప్పినట్టు. ఈ మనిషికి ఇప్పుడు ఏది పట్టుకుంటుందని ఆలోచించి చెప్పాలి.

అరుపుల సంగతి కూడా మాట్లాడుకుందాం. ఓపెత్ వాళ్ళు 2008 నాటి 'వాటర్‌షెడ్' ఆల్బమ్ తర్వాత గ్రౌల్, అంటే గర్జించినట్టు బొంగురుగా పాడటం, మానేశారు, మళ్ళీ ఈ ఆల్బమ్‌లోనే తెచ్చారు. చనిపోయిన తండ్రి మాటలు చాలాచోట్ల ఆ గ్రౌల్‌లోనే వస్తాయి. అలా గర్జించే వాళ్ళ గాయకుడు మైకేల్ ఓకర్‌ఫెల్ట్ వేరేచోట మామూలు గొంతుతో ఎంత హాయిగా పాడతాడో వింటే, ఆ గర్జన అతనికి పాడటం రాక చేస్తున్నది కాదని తెలుస్తుంది. గ్రౌల్ అంటే గొంతు చించుకోవడం అనుకుంటారు. సాధన చేసినవాళ్ళు అసలు స్వరతంత్రుల మీద భారం వేయకుండా, వాటికి పైన ఉండే మడతల్ని అదిలించి ఆ ధ్వని తెస్తారు, అందుకే రెండు గంటలు వేదిక మీద నిలబడగలుగుతారు. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో వీరభద్రుడి సంబరం రోజు ఖడ్గం, అంటే ఆ దేవుడి స్తుతి, చదివే ఆయన ఉండేవాడు. వీరణం డోలు మోగుతుంటే, "శరభ శరభ" అని చుట్టూ జనం అంటుంటే, ఆయన గొంతు మామూలు మనిషి గొంతులా ఉండేది కాదు, బొంగురుగా, భూమిలోంచి వచ్చినట్టు ఉండేది. చిన్నప్పుడు భయమేసి అమ్మమ్మ వెనక్కి వెళ్ళేవాణ్ణి, కానీ కళ్ళు మూసుకునేవాణ్ణి కాదు. దక్షుడి యజ్ఞం ధ్వంసమయ్యే ఘట్టం మెత్తటి గొంతుతో చెబితే చాలదు. చనిపోయి కూడా పిల్లల మీద పెత్తనం చేసే తండ్రికీ అంతే. అదే ఆల్బమ్‌లో జెత్రో టల్ అనే పాత బ్యాండ్ గాయకుడు ఇయాన్ ఆండర్సన్ వీలునామాలో మాటలు చదువుతాడు, వేణువు కూడా వాయిస్తాడు. గర్జన పక్కన ఆ వేణువు ఎంత ఒంటరిగా వినిపిస్తుందో వినండి.

ఒక్క మాట, దయచేసి ఫోన్ స్పీకర్లో వినకండి. రెండు కాళ్ళతో కొట్టే బాస్ డ్రమ్ ఫోన్ స్పీకర్లో టైప్ మిషన్ చప్పుడులా వస్తుంది, బాస్ గిటార్ అసలు మాయమైపోతుంది, మిగిలేది గోలే. అది విని మెటల్ అంటే గోల అంటే ఎలా? వేల రూపాయలవి అక్కర్లేదు, చెవికి సరిగ్గా పట్టే మామూలు ఇయర్‌ఫోన్లు చాలు.

ఇంకొకరి గురించి చెప్పాలి. మా మేనకోడలు రెండేళ్ళు హాస్టల్లో ఉండి చదివింది. ఏ కాలేజీ అన్నది ఇక్కడ అనవసరం. పొద్దున అయిదింటికి లేపడం, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్, ఆదివారం పరీక్ష, సోమవారం ర్యాంకుల కాగితం గోడ మీద. ఇంటర్ రెండో ఏడాది దసరా సెలవులకి ఇంటికొచ్చినప్పుడు తనకి ఫాంటెయిన్స్ డీసీ వాళ్ళ 'రొమాన్స్' వినిపించాను. డబ్లిన్ కుర్రాళ్ళు, 2024 ఆగస్టులో వచ్చింది, వాళ్ళ నాలుగో ఆల్బమ్. అందులో రెండో పాట 'స్టార్‌బర్స్టర్'. పాడే గ్రియాన్ చాటెన్‌కి లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్లో పానిక్ అటాక్ (ఊపిరాడనంత భయం ఉన్నట్టుండి ముంచెత్తడం) వచ్చింది, అందులోంచి పుట్టిన పాట. పల్లవి దగ్గర అతను ఒక్కసారిగా గట్టిగా ఊపిరి లోపలికి లాగుతాడు, నీళ్ళలోంచి తల పైకెత్తినవాడు లాగినట్టు. ఆ చప్పుడునే తాళంలో కలిపేశారు, పాటంతా అది మళ్ళీ మళ్ళీ వస్తుంది. మేనకోడలు సోఫా మీద మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని వింటోంది. రెండోసారి ఆ ఊపిరి వచ్చినప్పుడు ఇయర్‌ఫోన్ ఒకటి తీసి, "మావయ్యా, ఇది నాకు తెలుసు" అంది.

అంతకుముందు ఎవరికీ చెప్పలేదు తను. టెన్షన్ అనేవాళ్ళం, చదువు ఒత్తిడి అనేవాళ్ళం, రాత్రిపూట డార్మెటరీలో లేచి కూర్చుని ఊపిరి అందక గోడ పట్టుకుని నిలబడేదని మాకెవరికీ తెలియదు. ఆ సాయంత్రం మా అక్కతో కూర్చుని అంతా చెప్పింది, తర్వాత వారం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. పాట జబ్బు నయం చేసిందని నేను అనట్లేదు. తనలో జరిగేదానికి ఒక చప్పుడు ఉందని, అది ఇంకెవరికో కూడా జరిగిందని ఆ పాట చెప్పింది, దాంతో తనకి నోరు పెగిలింది. ఇరవై ఏళ్ళ కిందటి పాట ఏదీ ఈ పని చేసేది కాదేమో, ఎందుకంటే ఇది ఇప్పటి వాళ్ళు ఇప్పటి ఊపిరితో చేసింది. కొత్తవి వినమని నేను ఇంత పట్టు పట్టడానికి సగం కారణం ఆ సాయంత్రమే.

ఇదంతా డబ్బున్న ఇంగ్లీషు మీడియం పిల్లల ఫ్యాషన్ అనేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళని ఒకసారి ఆటోనగర్ తీసుకెళ్ళాలనిపిస్తుంది. హెవీ మెటల్‌కి ఆ బరువు ఎక్కడ్నుంచి వచ్చిందో తెలుసా? బర్మింగ్‌హామ్‌లో రేకులు కోసే ఫ్యాక్టరీలో టోనీ అయోమీ అనే పదిహేడేళ్ళ కుర్రాడు పనిచేసేవాడు. ఆ పనిలో ఆఖరి రోజున మిషన్‌లో చెయ్యి పడి అతని కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కేది ఆ కుడిచెయ్యే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు, సన్నటి తీగలు వేసుకున్నాడు, తర్వాత తర్వాత నొప్పి తగ్గడానికి తీగలు వదులు చేసి శ్రుతి దించాడు. అలా దించడంతో గిటార్ మోత మరింత బరువెక్కింది. 1970లో వచ్చిన అతని బ్యాండ్ బ్లాక్ సబాత్ మొదటి ఆల్బమ్ ఆ వేళ్ళతో వాయించిందే. 2025 జులై 5న వాళ్ళు అదే బర్మింగ్‌హామ్‌లో చివరిసారి వాయించారు, ఓజీ ఆస్బోర్న్ సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడాడు, జులై 22న కన్నుమూశాడు. ఆటోనగర్‌లో షెడ్డు షెడ్డుకీ రేకు మీద సుత్తి పడే చప్పుడు వింటూ నడిచినవాడికి ఆ సంగీతం పరాయిది ఎలా అవుతుంది?

అలాంటి మొండితనమే జూడస్ ప్రీస్ట్ అనే పాత మెటల్ బ్యాండ్‌లో ఇప్పుడూ చూడొచ్చు. 'ఇన్విన్సిబుల్ షీల్డ్' 2024 మార్చిలో వచ్చింది. పాడే రాబ్ హాల్‌ఫర్డ్‌కి అప్పటికి 72 ఏళ్ళు. గిటార్ వాయించే గ్లెన్ టిప్టన్‌కి పార్కిన్సన్స్ జబ్బు అని 2018లోనే బయటపెట్టారు, అయినా ఈ ఆల్బమ్ పాటల తయారీలో అతను ఉన్నాడు. మొదటి పాట 'పానిక్ అటాక్' పెట్టుకుని వినండి, డెబ్బై దాటిన గొంతు పైస్థాయికి ఎలా వెళ్ళి నిలబడుతుందో. ఇది జాలితో మెచ్చుకునే ఆల్బమ్ కాదు, వాళ్ళ మంచి ఆల్బమ్‌ల పక్కన నిలబడేది.

పాత పేరు ఉంటే చాలని మాత్రం నేననను. మెటాలికా '72 సీజన్స్' 2023 ఏప్రిల్లో వచ్చింది, 77 నిమిషాలు. గుంటూరు వచ్చేసింది కానీ ఆల్బమ్ అవలేదు. పదకొండు నిమిషాల చివరి పాట 'ఇనమొరాటా' నిజంగా గొప్పగా ఉంది, దాని దాకా చేరేలోపు ఒకేలాంటి పాటలు మూడు నాలుగు తీసేయొచ్చు. మనవాళ్ళందరూ ముందు అదే మొదలుపెట్టి, మధ్యలో విసుగొచ్చి, రాక్ పోయిందని తేల్చేశారని నా అనుమానం.

మా హాస్టల్ బ్యాచ్‌కి లింకిన్ పార్క్ 'ఫ్రమ్ జీరో' చెబుతాను, 2024 నవంబరులో వచ్చింది, అరగంటకి కాస్త పైన. 2017లో వాళ్ళ గాయకుడు చెస్టర్ బెన్నింగ్‌టన్ పోయాక వాళ్ళు వేసిన మొదటి కొత్త ఆల్బమ్, ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడింది. చెస్టర్ లేడని వినను అన్నవాళ్ళ బాధ నాకూ ఉంది. ఆ అమ్మాయి అతన్ని అనుకరించకుండా తన గొంతుతో పాడుతుంది, ఒక్కసారి వినండి. మెత్తదనమూ బరువూ రెండూ కావాలంటే డెఫ్‌టోన్స్ 'ప్రైవేట్ మ్యూజిక్', 2025 ఆగస్టు, రాత్రి ప్రయాణానికి. ఇప్పటికే గ్రౌల్ అలవాటైనవాళ్ళకి అమెరికా డెన్వర్ వాళ్ళు బ్లడ్ ఇన్‌కాంటేషన్ 'ఆబ్సొల్యూట్ ఎల్స్‌వేర్', 2024 అక్టోబరు. రెండే రెండు పాటలు, ఒక్కోటి ఇరవై నిమిషాలు దాటుతుంది, ఒక్కోటి మూడు భాగాలు. భీకరంగా సాగుతూ సాగుతూ ఒక్కసారిగా ఆకాశంలోకి తేలిపోయినట్టు సింథసైజర్లలోకి వెళ్ళిపోతుంది, మళ్ళీ దిగుతుంది. దీన్ని విడి పాటలుగా వినమంటే ఎక్కడ కోస్తారు?

మన దేశం వాళ్ళవీ తక్కువేం కాదు. 1998లో బెంగళూరులో మొదలైన క్రిప్టోస్ 2024లో 'డెసిమేటర్' వేశారు, ఎనభైల నాటి మెటల్ మీద ప్రేమతో. ఢిల్లీ వాళ్ళు బ్లడీవుడ్ 2025 మార్చిలో 'నూ ఢిల్లీ' తెచ్చారు, ఢోలు, వేణువు, హిందీ, ఇంగ్లీషు అన్నీ కలిపి తమ ఊరి పేరే ఆల్బమ్‌కి పెట్టుకున్నారు. హైదరాబాద్‌లో పుట్టిన గాడ్‌లెస్ వాళ్ళ 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' 2021ది, కొత్తది కాకపోయినా వినని తెలుగువాడు వెంటనే వినాలి. ఢిల్లీ ఢోలు మెటల్‌లో అంత చక్కగా కూర్చున్నప్పుడు మన వీరణం, మన డప్పు ఎందుకు కూర్చోవు? ఖడ్గం చదివే ఆ గొంతుతో, తెలుగు మాటలతో, మొదటి నుంచి చివరిదాకా ఒకే కథ చెప్పే ఆల్బమ్ ఒకటి రావాలని నాకు ఎంత ఆశో. బెజవాడలోనో బ్రాడీపేటలోనో ఏ మేడ మీద గదిలోనైనా ఎవరైనా అలాంటిది చేస్తుంటే, మొదటిరోజు కొనేది నేనే.

వీలునామా ఆల్బమ్ ఇచ్చిన మా ఆఫీసు తమ్ముడు వారం రోజులు ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. పోయిన గురువారం రాత్రి పదిన్నరకి ఫోన్ చేశాడు. వెనక ఫ్యాన్ చప్పుడు తప్ప ఏం లేదు, పిల్లలు పడుకున్నట్టున్నారు.

"అన్నా, ఎనిమిదోది ఇప్పుడే అయింది" అన్నాడు.

"మొత్తం వరసగా విన్నావా?"

"మొత్తం విన్నాను. మాటలు ముందు పెట్టుకునే విన్నాను." కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చివర్లో ఆ పిల్ల సంగతి... నేను అర్థం చేసుకున్నది కరెక్టేనా అన్నా?" అని అడిగాడు.

ఏం అర్థం చేసుకున్నావో చెప్పమన్నాను. చెప్పడం మొదలుపెట్టాడు. నేను లేచి బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాను, అప్పటికి అతను వాళ్ళ నాన్న గురించి మాట్లాడుతున్నాడు.